క్వాంటం కంప్యూటరు – నిత్యజీవిత వినియోగం

క్వాంటం కంప్యూటరు అనగా పరమాణువులు, ఎలక్ట్రానులు, కాంతి కణాలు వంటి సూక్ష్మ వస్తువులకు వర్తించే క్వాంటం యాంత్రిక శాస్త్ర నియమాల ఆధారంగా లెక్కలు చేసే యంత్రం. 1980 ప్రాంతంలో కేవలం సిద్ధాంతంగా మొదలైన ఈ ఆలోచన 2023 నాటికి వెయ్యికి పైగా క్యూబిట్లు గల యంత్రం వరకు వచ్చినది. ఇది బల్ల మీది కంప్యూటరు వలె, చేతిలోని ఫోను వలె ఎప్పటికైనా నిత్యవ్యవహారంలోకి వచ్చునా అన్న ప్రశ్నపై శాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఇంటింటా ఉండే యంత్రంగా మారే అవకాశం చాలా తక్కువ అన్న విషయంలో పెద్దగా తగవు లేదు. ఎక్కడో దూరాన ఉన్న యంత్రాన్ని కొన్ని ప్రత్యేక అవసరాలకు అంతర్జాలం ద్వారా ప్రయోజనకరంగా వాడుకొనడం సాధ్యమా, సాధ్యమైతే ఎప్పటికి, అన్నదే అసలు వాదం. ఈలోగా, ఇంకా పూర్తిగా తయారు కాని ఈ యంత్రాన్ని దృష్టిలో ఉంచుకొని కోట్లాది ఫోన్లలోని రహస్య తాళాలను మార్చే పని ఇప్పటికే మొదలైనది.

క్యూబిట్ అంటే ఏమిటి

సాధారణ కంప్యూటరులో సమాచారానికి కనీస ప్రమాణం బిట్. దాని విలువ 0 లేదా 1. క్వాంటం కంప్యూటరులో దీనికి బదులు క్యూబిట్ ఉంటుంది. కొలిచి చూసినప్పుడు క్యూబిట్ కూడా 0 గానో 1 గానో మాత్రమే కనిపిస్తుంది. కొలవక ముందు మాత్రం ఆ రెండు స్థితుల అధ్యారోపణంలో ఉండగలదు. 300 క్యూబిట్ల స్థితిని పూర్తిగా వర్ణించాలంటే 2ను 300 సార్లు హెచ్చవేస్తే వచ్చినన్ని సంఖ్యలు కావాలి. విశ్వంలో మనకు కనబడే భాగంలోని పరమాణువుల సంఖ్యగా అంచనా వేసిన దానికంటే ఇది ఎక్కువ.

దీనిని బట్టి "క్వాంటం కంప్యూటరు అన్ని జవాబులనూ ఒకేసారి ప్రయత్నించి సరైనదానిని చెబుతుంది" అని పత్రికలలో తరచుగా వ్రాస్తూ ఉంటారు. ఇది సరికాదు. కొలిచిన మరుక్షణం ఆ అపారమైన సంఖ్యలన్నీ పోయి 300 బిట్ల సమాచారం మాత్రమే చేతికి వస్తుంది. చెరువులో రెండు రాళ్ళు వేసినప్పుడు అలలు కొన్నిచోట్ల కలిసి పెద్దవవుతాయి, కొన్నిచోట్ల ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో దీనినే వ్యతికరణం అంటారు. తప్పు జవాబుల అలలు రద్దయి, సరైన జవాబు అల పెరిగేటట్లు లెక్కను నడపడమే క్వాంటం అల్గారిథం చేసే పని. అట్లా నడిపే ఉపాయం కొన్ని లెక్కలకే దొరికినది. క్వాంటం కంప్యూటరు ప్రతి పనిలోనూ వేగమైన యంత్రం కాదనడానికి మూలం ఇక్కడ ఉన్నది.

ఆలోచన పుట్టుక

1980లో సోవియట్ గణిత శాస్త్రజ్ఞుడు యూరీ మానిన్, అమెరికాకు చెందిన పాల్ బెనియాఫ్ వేరువేరుగా ఈ దిశలో వ్రాశారు. 1981లో రిచర్డ్ ఫైన్‌మన్ ఒక ప్రసంగంలో, ప్రకృతి క్వాంటం నియమాలపై నడుస్తున్నప్పుడు దానిని అనుకరించే యంత్రం కూడా ఆ నియమాలపైనే నడవాలని వాదించాడు. 1985లో డేవిడ్ డాయిచ్ దీనికి సిద్ధాంత రూపం ఇచ్చాడు. అంతవరకు ఇది కొద్దిమంది పండితుల చర్చగానే ఉండినది. 1994లో బెల్ లేబొరేటరీస్‌లో పనిచేస్తున్న పీటర్ షోర్ పెద్ద సంఖ్యల ప్రధాన కారణాంకాలను త్వరగా కనుగొనే క్వాంటం అల్గారిథంను ప్రకటించడంతో ప్రభుత్వాల దృష్టి దీనిపై పడినది.

దీనికి కారణం ఆర్.ఎస్.ఎ. అనే గుప్తీకరణ పద్ధతి. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం సులభం. లబ్ధాన్ని ఇచ్చి ఆ రెండింటినీ కనుగొనమంటే బహు కష్టం. సాధారణంగా వాడే 2048 బిట్ల తాళంలో ఆ లబ్ధం 617 అంకెల సంఖ్య. బ్యాంకు లావాదేవీలు, ఉత్తరప్రత్యుత్తరాలు, సాఫ్ట్‌వేరు సంతకాలు చాలాకాలం ఇటువంటి కష్టం మీదనే ఆధారపడి ఉన్నాయి. తగినంత పెద్ద క్వాంటం కంప్యూటరు ఉంటే షోర్ పద్ధతితో ఆ కష్టం తొలగిపోతుంది.

1996లో అదే సంస్థలో భారతీయ సంతతికి చెందిన లవ్ గ్రోవర్ మరొక అల్గారిథం కనుగొన్నాడు. క్రమంలో లేని 10 లక్షల పేర్లలో ఒకదానిని వెదకడానికి సాధారణ యంత్రం సగటున 5 లక్షల పేర్లు చూడవలసి ఉండగా, గ్రోవర్ పద్ధతిలో సుమారు 800 అడుగులు చాలు. ఇది గొప్ప లాభమే. కాని క్వాంటం యంత్రంలో ఒక్కొక్క అడుగు సాధారణ యంత్రంలోకంటే ఎంతో నెమ్మదిగా పడుతుంది గనుక, ఆచరణలో ఈ లాభం చాలావరకు హరించుకుపోతుందని అంచనా.

దోషాల సమస్య

క్యూబిట్ చాలా సుకుమారమైనది. కొద్దిపాటి వేడి, కంపనం, దారితప్పిన విద్యుదయస్కాంత తరంగం తగిలినా దాని సంబద్ధత నశించి, లెక్క చెడిపోతుంది. గూగుల్, ఐ.బి.ఎం. సంస్థల అతివాహక యంత్రాలలో క్యూబిట్లను పరమ శూన్య ఉష్ణోగ్రతకు ఒక డిగ్రీలో వందవ వంతు పైన మాత్రమే ఉంచుతారు. అంతరిక్షం కూడా అంత చల్లగా ఉండదు. ఆ చలిలో కూడా విల్లో అనే గూగుల్ చిప్‌లో క్యూబిట్ స్థితి నిలిచేది సెకనులో పదివేలవ వంతు కాలమే. అయాన్లను శూన్యంలో బంధించి లేసరు కిరణాలతో నడిపే యంత్రాలలో క్యూబిట్లు ఎక్కువసేపు నిలుస్తాయి గాని, ప్రతి అడుగూ నెమ్మదిగా పడుతుంది.

మేలైన యంత్రాలలో సైతం రెండు క్యూబిట్లను కలిపి చేసే ప్రక్రియలో వెయ్యింటికి ఒకటి చొప్పున తప్పు వస్తున్నది. 617 అంకెల సంఖ్యను విడదీయడానికి అటువంటి ప్రక్రియలు వందల కోట్లు కావాలి. తప్పులను సరిదిద్దే మార్గం లేనిదే ముందుకు పోవడం అసాధ్యం. క్యూబిట్‌ను కొలిస్తే స్థితి చెడుతుంది, నకలు తీయడం క్వాంటం నియమాల ప్రకారం కుదరదు. కాబట్టి దోష సవరణ అసాధ్యమని తొలుత కొందరు భావించారు. 1995లో షోర్ 9 క్యూబిట్లలో ఒక క్యూబిట్ సమాచారాన్ని పరచి, అసలు విలువను చూడకుండానే దోషాన్ని మాత్రం పట్టుకొనే పద్ధతిని చూపాడు. ఈ విధంగా అనేక భౌతిక క్యూబిట్లు కలిసి ఒక తార్కిక క్యూబిట్‌గా ఏర్పడతాయి. భౌతిక దోషాల రేటు ఒక హద్దుకు లోబడి ఉంటే, ఎక్కువ క్యూబిట్లు చేర్చిన కొద్దీ తార్కిక దోషం తగ్గుతూ పోతుందని సిద్ధాంతం. హద్దు దాటి ఉంటే మాత్రం క్యూబిట్లు చేర్చిన కొద్దీ తప్పులు పెరుగుతాయి.

సిద్ధాంతం వచ్చిన తరువాత దానిని స్పష్టంగా చూపడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టినది. 2024 డిసెంబరులో గూగుల్ ప్రకటించిన 105 క్యూబిట్ల విల్లో చిప్‌లో, క్యూబిట్ల గడిని 3×3 నుండి 5×5కు, అక్కడినుండి 7×7కు పెంచినప్పుడు ప్రతిసారీ దోషం సగానికి పైగా తగ్గినది. ఈ రంగంలో ఇంతవరకు జరిగినవాటిలో దీనిని ముఖ్యమైన ప్రయోగంగా చెప్పవచ్చును. అయితే అక్కడ సుమారు 100 భౌతిక క్యూబిట్లు వాడి నిలబెట్టినది ఒకే ఒక తార్కిక క్యూబిట్‌ను. అది కూడా సమాచారాన్ని భద్రపరచడానికే గాని లెక్క చేయడానికి కాదు.

ఎన్ని క్యూబిట్లు కావాలన్న అంచనా మాత్రం వేగంగా దిగివస్తున్నది. 2048 బిట్ల ఆర్.ఎస్.ఎ. తాళాన్ని 8 గంటలలో విప్పడానికి 2 కోట్ల భౌతిక క్యూబిట్లు కావాలని 2019లో క్రెయిగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరో లెక్కగట్టారు. 2025లో గిడ్నీయే 10 లక్షల కంటే తక్కువ క్యూబిట్లతో వారం రోజులలోపు చేయవచ్చునని చూపాడు. ఇంజనీర్లు యంత్రాన్ని పెంచుతుండగా గణితజ్ఞులు అవసరాన్ని తగ్గిస్తున్నారు. 2001లో ఐ.బి.ఎం. పరిశోధకులు 7 క్యూబిట్లతో షోర్ పద్ధతిలో చేసి చూపిన లెక్క 15 = 3 × 5. ఐదవ తరగతి విద్యార్థి నోటితో చెప్పగల లెక్క అది. అక్కడినుండి 617 అంకెల వరకు గల దూరం ఇంకా చాలావరకు మిగిలే ఉన్నది.

సందేహవాదులు

1996లోనే సెర్జ్ అరోష్, తన సహచరునితో కలిసి, ఇది కలయా పీడకలయా అని ప్రశ్నిస్తూ ఒక వ్యాసం వ్రాశాడు. ఆయన క్యూబిట్ల శాస్త్రానికి దూరపు వ్యక్తి కాదు. ఒంటరి క్వాంటం వ్యవస్థలను కొలిచే ప్రయోగాలకు 2012లో నోబెల్ బహుమతి పంచుకున్నవాడు. భౌతిక శాస్త్రజ్ఞుడు మిఖాయిల్ ద్యకోనోవ్ 2018లో, వేల క్యూబిట్ల యంత్రంలో అదుపు చేయవలసిన రాశుల సంఖ్య ఊహకు అందనిదని, అది ఎన్నటికీ కుదరదని వాదించాడు. ఇజ్రాయెల్ గణితజ్ఞుడు గిల్ కలై అభ్యంతరం మరొక రకం: దోషాలు ఒకదానితో ఒకటి ముడిపడి వస్తాయి గనుక సవరణ పనిచేయదని ఆయన మతం. విల్లో ఫలితం ఈ వాదాలను బలహీనపరచినదే గాని, లక్షల క్యూబిట్ల వద్ద కూడా అట్లాగే జరుగుతుందని రుజువు చేయలేదు.

సాధారణ కంప్యూటర్లు కూడా ఊరకుండవు. 2019లో గూగుల్ 53 క్యూబిట్ల సికమోర్ యంత్రం 200 సెకన్లలో చేసిన పనికి సూపర్ కంప్యూటరుకు 10,000 సంవత్సరాలు పడుతుందని ప్రకటించినది. రెండున్నర రోజులు చాలునని ఐ.బి.ఎం. వెంటనే అభ్యంతరం చెప్పినది. తరువాత చైనా పరిశోధకులు అటువంటి పనిని సాధారణ యంత్రాలతోనే గంటల వ్యవధిలో చేశారు. 2018లో ఇవిన్ టాంగ్ అనే 18 ఏళ్ళ విద్యార్థిని కథ మరింత ఆసక్తికరమైనది. వినియోగదారులకు నచ్చే వస్తువులను సూచించే లెక్కలో క్వాంటం పద్ధతికి అపారమైన ఆధిక్యం ఉన్నదని అప్పట్లో నమ్మేవారు. సాధారణ యంత్రానికి అంత వేగం సాధ్యం కాదని నిరూపించమని గురువు ఆమెకు అప్పగించగా, ఆమె దాదాపు అంత వేగంగల సాధారణ పద్ధతినే కనిపెట్టినది.

ఇంటిలోకి వచ్చునా

1945లో పూర్తయిన ఎనియాక్ కంప్యూటరు ఒక పెద్ద గదిని ఆక్రమించినది, ఇప్పటి ఫోను జేబులో పడుతుంది, కాబట్టి క్వాంటం కంప్యూటరు కూడా అట్లే చిన్నదవుతుందని చెప్పేవారున్నారు. ఈ పోలిక అంతగా పొసగదు. ట్రాన్సిస్టరు చిన్నదైన కొద్దీ చవక అయినది, వేగం పెరిగినది, విద్యుత్తు తక్కువ తిన్నది. క్యూబిట్ మొదటినుండీ చిన్నదే. పెద్దదల్లా దానిని లోకం నుండి వేరుచేసి ఉంచే శీతల యంత్రం, లేసర్లు, నియంత్రణ పరికరాలు. వజ్రంలో నైట్రోజన్ చేరిన లోపాల వంటి కొన్ని క్యూబిట్లు గది ఉష్ణోగ్రత వద్దనే పనిచేస్తాయి గాని, వాటిని పెద్ద సంఖ్యలో కూర్చడం కష్టంగా ఉన్నది.

ఒకవేళ పరిమాణం సమస్య తీరినా, ఇంటిలో దానికి పని లేదు. ఉత్తరం వ్రాయడం, సినిమా చూడడం, జమాఖర్చులు చూసుకొనడం వంటి వాటిలో క్వాంటం పద్ధతికి ఏ లాభమూ తెలియదు. పెద్ద మొత్తంలో సమాచారాన్ని క్యూబిట్లలోకి ఎక్కించడానికే లాభమంతా ఖర్చయిపోతుంది. నిజానికి క్వాంటం శాస్త్రం ఇంటిలోకి వచ్చి చాలా కాలమైనది: ట్రాన్సిస్టరు, లేసరు, ఎల్.ఇ.డి. దీపం దాని ఫలాలే.

దూరం నుండి వాడుకొనడం 2016లో మొదలైనది. ఆ ఏడాది ఐ.బి.ఎం. 5 క్యూబిట్ల యంత్రాన్ని అంతర్జాలంలో అందరికీ అందుబాటులో ఉంచినది. ఇటువంటి యంత్రాల నుండి ఎక్కువగా ఆశిస్తున్నది రసాయన శాస్త్రంలో. కంది, పెసర, వేరుశనగ మొక్కల వేరుబుడిపెలలోని బాక్టీరియా మామూలు ఉష్ణోగ్రతలో గాలిలోని నత్రజనిని అమోనియాగా మారుస్తుంది. కర్మాగారంలో హేబర్ పద్ధతికి సుమారు 400 నుండి 500 డిగ్రీల వేడి, అధిక పీడనం కావాలి. బాక్టీరియాలోని ఎంజైములో ఇనుము, మాలిబ్డినం పరమాణువుల గుచ్ఛం ఈ పనిని ఎట్లా చేస్తున్నదో సాధారణ కంప్యూటర్లతో కచ్చితంగా లెక్కగట్టడం చాలా కష్టం. ఫైన్‌మన్ మొదట కోరినది సరిగ్గా ఇటువంటి లెక్కనే. అది ఫలించినా రైతు ఇంటికి చేరేది ఎరువుగానే గాని కంప్యూటరుగా కాదు.

తాళాల మార్పు

ఈ రోజు దొంగిలించి దాచుకొన్న రహస్య సమాచారాన్ని పదిహేను ఇరవై ఏళ్ళ తరువాత యంత్రం వచ్చాక విప్పవచ్చును. వైద్య రికార్డులకు, దేశరక్షణ పత్రాలకు అది కూడా ప్రమాదమే. అందువలన అమెరికా ప్రమాణాల సంస్థ 2016లో కొత్త తాళాలకు పోటీ ఆరంభించి, 2024 ఆగస్టులో మూడు ప్రమాణాలను ప్రకటించినది. ఇవి మామూలు కంప్యూటర్ల మీదనే నడుస్తాయి. క్వాంటం యంత్రం అవసరం లేదు. పోటీలో చాలాదూరం వచ్చిన సైక్ అనే పద్ధతిని 2022లో బెల్జియం పరిశోధకులు ఒక సాధారణ కంప్యూటరుతోనే ఛేదించడం గమనార్హం. అందుచేతనే చాలాచోట్ల కొత్త తాళాన్ని పాతదానికి తోడుగా వేస్తున్నారు. 2023లో సిగ్నల్, 2024లో ఆపిల్ వారి ఐమెసేజ్ సందేశ సేవలు ఇట్లా మారాయి. వాడేవారిలో చాలామందికి ఈ మార్పు తెలియనే తెలియదు.

భారతదేశంలో

కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్ 19న 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించినది. 8 సంవత్సరాలలో 50 నుండి 1000 భౌతిక క్యూబిట్ల యంత్రాలను నిర్మించడం దాని లక్ష్యాలలో ఒకటి. క్వాంటం గణన కేంద్రం బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఏర్పడినది. 2024లో ముంబయి టాటా మౌలిక పరిశోధన సంస్థ, రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 6 క్యూబిట్ల అతివాహక ప్రాసెసరును పరీక్షించారు.

ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతిలో క్వాంటం వ్యాలీ పేరుతో ఒక సాంకేతిక కేంద్రాన్ని నెలకొల్పి, అందులో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసరు గల ఐ.బి.ఎం. యంత్రాన్ని స్థాపించనున్నట్లు 2025 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం, ఐ.బి.ఎం., టి.సి.ఎస్. ప్రకటించాయి. విల్లో ప్రయోగంలో ఒక తార్కిక క్యూబిట్‌కు పట్టిన సంఖ్యతో పోల్చితే 156 క్యూబిట్లు ఒకటిన్నర తార్కిక క్యూబిట్లకు సమానం. కాబట్టి అటువంటి యంత్రంతో ఏ బ్యాంకు తాళమూ విప్పడం కుదరదు. విద్యార్థులకు, పరిశోధకులకు అల్గారిథంలు వ్రాసి నడిపి చూసుకొనడానికి, దోషాలు ఎట్లా వస్తాయో స్వయంగా గమనించడానికి మాత్రం పనికివస్తుంది.