పాత సైనిక రైఫిళ్ళు: అసలేది, నకలేది?

పోలీసు ఠాణా ముందు కాపలా కాయు జవాను భుజమున వ్రేలాడు బరువైన తుపాకిని మనలో పెక్కుమంది చిన్ననాట చూచినవారే. దానిని ‘త్రీ నాట్ త్రీ’ అని పిలుచుట పల్లెలలో సైతము వాడుక. గొట్టపు లోపలి వ్యాసము 0.303 అంగుళము, అనగా సుమారు 7.7 మిల్లీమీటర్లు, అగుటచే దానికా పేరు వచ్చినది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26వ తేదీన దీనికి లాంఛనముగా వీడ్కోలు పలికిరి. మన దేశములో ఈ కొలత తుపాకి సాధారణ పౌరులకు నిషిద్ధము. బ్రిటను, అమెరికా, ఆస్ట్రేలియాలలో మాత్రము అచ్చటి చట్టములకు లోబడి దీనిని సేకరించువారు ఎందరో కలరు. అట్టివారు పాత రైఫిలు చేతికి రాగానే మొదట అడుగు ప్రశ్న, ‘ఇది అసలుదేనా?’ అని. ఈ ప్రశ్న పైకి కనబడునంత సులభమైనది కాదు.

ఈ రైఫిలు అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డు. స్కాట్లండులో జన్మించిన జేమ్స్ పారిస్ లీ దీని బోల్టును, తూటాలుండు మాగజైనును రూపొందించెను. 1888లో బ్రిటిషు సైన్యము వానికి మెట్‌ఫర్డు అను ఇంజనీరు కల్పించిన గాడుల గొట్టమును జతచేసి స్వీకరించెను. అయితే నల్లమందుకు బదులు కార్డైటు వాడుకలోనికి రాగా, దాని తీవ్రమైన వేడికి మెట్‌ఫర్డు గాడులు త్వరగా అరిగిపోజొచ్చెను. లండను సమీపమునగల ఎన్‌ఫీల్డు కర్మాగారము అంతకంటె లోతైన ఐదు గాడులతో గొట్టమును చేసినది. ఆ విధముగా 1895లో లీ-ఎన్‌ఫీల్డు పుట్టెను. 1903లో పొట్టి రూపము, 1907లో మూడవ మార్కు వచ్చినవి. ఇంగ్లండులోనే గాక బెంగాలులోని ఇషాపూరునందును, ఆస్ట్రేలియాలోని లిత్‌గోనందును వీనిని లక్షలకొలది తయారుచేసిరి.

అసలు తనమును నిర్ణయించుటకు సేకర్తలు మొదట చూచునవి అంకెలు. కర్మాగారమునుండి వెలువడిన రైఫిలునకు ఒక వరుససంఖ్య ఉండును. బోల్టు కదలాడు ఉక్కు చట్రముపైన, గొట్టముపైన, బోల్టు పిడి వెనుక, ముందు మూతపైన, గురిచూచు పలక అడుగున, క్రింది కొయ్యపైన అదే సంఖ్యను గ్రుద్దెడివారు. అన్ని చోట్లను ఒకే సంఖ్య కనబడినచో రైఫిలు వెల హెచ్చును. కాని ఆ అంకెలను గ్రుద్దినవారు సేకర్తలను మనసులో నుంచుకొని గ్రుద్దలేదు. దానికి వేరొక కారణము కలదు.

తూటా పేలినపుడు పుట్టు ఒత్తిడిని బోల్టు ఆపవలెను. లీ-ఎన్‌ఫీల్డులో బోల్టును బిగించు రెండు ఆనికలు దాని వెనుకభాగమున ఉండును. ఆ రెండును చట్రముపై సమముగా ఆనవలెను. ఒకటి ఆని, రెండవది ఆనకున్నచో బలమంతయు ఒక ప్రక్కకే పోవును. అందుచే పనివారు ఆకురాయితో రుద్ది, సరిచూచి, ఒక్కొక్క బోల్టును ఒక్కొక్క చట్రమునకు అమర్చెడివారు. ఇక రెండవ విషయము: గొట్టపు వెనుక ముఖమునకును బోల్టు తలకును నడుమ, తూటా అడుగు అంచు పట్టునంత ఖాళీ ఉండవలెను. ఇది 0.064 అంగుళమునకు తగ్గరాదు, 0.074 అంగుళమును మించరాదు. అనగా సందు అంగుళములో నూరవవంతు మాత్రమే. ఆ ఖాళీ మితిమీరినచో పేలినపుడు ఇత్తడి తొడుగు అడుగువద్ద సాగి రెండుగా తెగవచ్చును. మండుచున్న వాయువు కాల్చువాని ముఖముమీదికి వెనుకకు తన్నవచ్చును. కనుక బోల్టుపై అంకె ‘నేను ఈ చట్రమునకు అమర్చబడినదానను’ అని ఆయుధముల మిస్త్రీకి చెప్పు గుర్తు.

బోల్టు మార్చవలసివచ్చినపుడు మిస్త్రీ ఏమి చేసెడివాడు? క్రొత్త బోల్టును కొలతపరికరముతో సరిచూచి, దానిపై పాత సంఖ్య ఉన్నచో సాధారణముగా దానిమీద గీత కొట్టి, ప్రక్కన రైఫిలు సంఖ్యను గ్రుద్దెడివాడు. పాత అంకె గీతక్రింద కనబడుచునే యుండును. అమ్మకమునకై అంకెలు కలుపువాని పద్ధతి దీనికి సరిగా వ్యతిరేకము. వాడు పాత అంకెను ఆకురాయితో చెరిపి, దానిచోట తనకు కావలసిన అంకె గ్రుద్దును. ఖాళీ ఎంత ఉన్నదో కొలువడు. కొన్నవాడు అంకెలు కలిసినవి గదా యని ధైర్యముగా తూటా నింపును. మోసము ధరలో మాత్రమే ఉన్నచో కొంత సహింపవచ్చును గాని, ఇది కంటిని తీయగల మోసము.

అయితే ఉక్కు తనపై జరిగినదానిని అంత త్వరగా మరువదు. అచ్చు గ్రుద్దినపుడు లోహము పైపైననే గాక గ్రుద్దిన చోటి అడుగున కూడ నలిగి, అచ్చటి స్ఫటికములు వికృతిచెందును. అంకె కనబడనంతవరకు రుద్దినను ఆ నలిగిన పొర కొంత మిగిలియుండును. ఆ చోటును నునుపుచేసి, హైడ్రోక్లోరికామ్లము, క్యూప్రిక్ క్లోరైడు కలిపిన ద్రవముతో తడిపినచో, నలిగిన లోహము తక్కిన దానికంటె భిన్నముగా కరగి, చెరిగిన అంకె నీడవలె తేలివచ్చును. నేరపరిశోధన శాలలలో ఇది ఎప్పటినుండియో వాడుకలో ఉన్న పద్ధతి. ఆమ్లము పైపూతను పాడుచేయును గనుక సేకర్తలు సాధారణముగా దాని జోలికి పోరు. వారికి భూతద్దము, ఏటవాలుగా పడు దీపపు వెలుగు చాలును. పాత అంకె లోపలిభాగము కూడ తక్కిన ఉక్కువలెనే నల్లబడి, అంచులు చేతులు తగిలి మెత్తబడియుండును. క్రొత్త అంకె అంచులు పైకి లేచి, లోపల మెరయుచుండును.

అన్నిటికంటె ముచ్చటయైన పరీక్ష 1944 నుండి 1947 వరకు తయారైన 5వ నంబరు రైఫిలునకు సంబంధించినది. దీనిని ‘జంగిల్ కార్బైను’ అందురు. అడవియుద్ధమునకై 4వ నంబరు రైఫిలును కుదించి, గొట్టమును 25 అంగుళములనుండి 19కి దించి, మూతికి గరాటు వంటి జ్వాలానిరోధకమును తగిలించిరి. బరువు తగ్గించుటకై చట్రమునందును, గొట్టపు మొదటి లావుపాటి భాగమునందును అక్కడక్కడ ఉక్కును చెక్కివేసిరి. బోల్టు పిడి గుండును సైతము తొలిచిరి. యుద్ధానంతరము అమెరికాలో కొందరు వర్తకులు మామూలు 4వ నంబరు రైఫిళ్ళ గొట్టములు కోసి, గరాటు తగిలించి వేటతుపాకులుగా అమ్మిరి. అప్పుడు వానిని దాచలేదు. చేతులు మారిన కొలది అవి అసలువిగా చలామణి కాజొచ్చెను. గరాటు తగిలించుట ఎవ్వరికైనను సాధ్యమే. కొయ్యను తీసి గొట్టపు మొదలు చూచినచో, ఉక్కు చెక్కిన గుంటలు లేని నకలు తక్షణమే పట్టుబడును. పైకి కనబడని చోట శ్రమపడి ఉక్కు చెక్కు నకిలీదారు అరుదు.

వాయవ్య సరిహద్దున, ఖైబరు ప్రాంతములోని చిన్న దుకాణములలో చేతిపనితో చేసిన నకళ్ళు వేరొక జాతివి. ఇంగ్లీషు రాని పనివారు అచ్చులను చూచి చెక్కుటచే ‘ఎన్’ అక్షరము తిరుగబడుట, విక్టోరియా రాణి ముద్ర ప్రక్కనే ఆమె మరణించిన 1901 తరువాతి సంవత్సరము కనబడుట పరిపాటి. కాని తొందరపడరాదు. పొట్టి లీ-ఎన్‌ఫీల్డుపై విక్టోరియా ముద్ర ఉన్నంత మాత్రమున అది నకలు కాదు. ఆమె కాలమునాటి పొడుగు రైఫిళ్ళను ప్రభుత్వమే తరువాత పొట్టివిగా మార్చెను. వానిపై పాత ముద్ర న్యాయముగనే మిగిలినది.

ఇచ్చట అసలు చిక్కు వచ్చుచున్నది. సైన్యమునకు రైఫిలు పనిముట్టు. విరిగిన కొయ్య మార్చిరి, అరిగిన గొట్టము మార్చిరి. సంపూర్ణముగా బాగుచేసిన 4వ నంబరు రైఫిలుపై ‘ఎఫ్.టి.ఆర్.’ అని సంవత్సరముతో సహా గ్రుద్ది, ఉక్కుపై ఫాస్ఫేటు పూత, దానిపై కాల్చిన నల్లరంగు వేసిరి. నునుపైన నల్లని ఉక్కు మీద ప్రేమతో ఆ రంగును గోకివేయు సేకర్త, 1950 ప్రాంతమునాటి అసలు పనిని చెరిపి తన ఊహను దానిచోట పెట్టుచున్నాడు. ఈ విషయమున నా ఓటు మిస్త్రీకే.

ఇషాపూర్ రైఫిళ్ళకు ఇట్టి కష్టము మరింత జరిగినది. అచ్చట బాగుచేసిన వానిలో ముందు కొయ్య చీలకుండుటకై ఒక మరను అడ్డముగా బిగించిరి. తెలియనివారు దానిని ఎవరో చేసిన పాడుపనిగా భావించి, ఊడదీసి రంధ్రమును కొయ్యముక్కతో పూడ్చుదురు. నల్లని ఎనామెలు పూతను కూడ వదలరు. స్వాతంత్ర్యమునకు పూర్వము ఇచ్చటి రైఫిలుపై కిరీటము, దానిక్రింద ‘జి.ఆర్.ఐ.’ అను రాజముద్ర ఉండెడివి; తరువాత అశోకుని సింహములు, ‘ఆర్.ఎఫ్.ఐ.’ అక్షరములు వచ్చినవి. 1960 దశకములో ఇదే కర్మాగారము 7.62 మిల్లీమీటర్ల తూటాకై, మేలైన ఉక్కుతో ‘2ఏ1’ అను రైఫిలును చేసెను. చూపునకు అది మొదటి ప్రపంచయుద్ధమునాటి మూడవ మార్కువలెనే యుండును. మాగజైను మాత్రము పలకలుగా కనబడును. దానిలో పాత 0.303 తూటాను వాడరాదు. కొయ్య పిడి ఉక్కును కలియు చోట, కుడిప్రక్కన, తూటా కొలతయు సంవత్సరమును స్పష్టముగా గ్రుద్దియున్నవి. చేతిలోనికి తీసుకొనగానే మొదట చదువవలసినది అదే.