కార్డు మీది ముఖం, నీళ్లలో తేలే ముఖం

ఈ పోస్టు కాస్త పొడుగు. డ్యూటీ దిగి, తినేసి, తీరిగ్గా చదవండి.

మనలో పాతవాళ్లకు చేత్తో రాసిన పాస్‌పోర్టు గుర్తుండే ఉంటుంది. అందులో ఫొటో జిగురుతో అంటించి ఉండేది. 2015 నవంబరు 24 తర్వాత అలాంటి పాస్‌పోర్టులు చెల్లవన్నారు, అందరం మార్చుకున్నాం. అంటించిన ఫొటో ఊడదీసి ఇంకొకరిది పెట్టే మోసం చాలా దేశాల్లో జరిగేది కాబట్టి ఆఫీసులకు ఊడే ఫొటో అంటే గుబులు. కొందరు ఫొటోగ్రాఫర్లకు మాత్రం ఊడదీయడమే పని. ఫొటోలో బొమ్మ ఉండేది పైన ఉన్న పల్చటి పొరలోనే. పాల మీద మీగడ తీసినట్టు ఆ పొరని నీళ్లలో తేల్చి ఇంకో కాగితం మీదికో, గాజు మీదికో ఎక్కిస్తారు. దీన్ని ఎమల్షన్ లిఫ్ట్ అంటారు. మా రూములో నలుగురం కొన్నాళ్లుగా శుక్రవారాలు దీంతోనే గడుపుతున్నాం. ఎలా చేయాలో చివర్లో చెప్తాం. ముందు దీని వెనకాల కథ, ఎందుకంటే అందులో మనలాంటి పనివాళ్ల ముఖాలు చాలా ఉన్నాయి.

పొర ఊడదీయడం కొత్త సంగతేమీ కాదు. లండన్‌లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే శిల్పి 1851లో తడి పలక పద్ధతి ప్రకటించాడు. కొలోడియన్ అనే జిగట ద్రవాన్ని గాజు పలక మీద పోసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, తడి ఆరకముందే కడగాలి. ఆ పద్ధతికి ఆయన పేటెంట్ తీసుకోలేదు, లోకానికి వదిలేశాడు. గాజు బరువు, ఖరీదు, పైగా పగిలిపోతుంది. అందుకని బొమ్మ మీద గట్టాపర్చా ద్రావణం పోసి, పొరని గాజు నుంచి ఊడదీసి, అదే గాజుని మళ్లీ వాడుకునే ఉపాయం కనిపెట్టాడు. దానికి మాత్రం 1855లో పేటెంట్ తీసుకున్నాడు. గట్టాపర్చా అంటే మలయా అడవుల్లో చెట్ల నుంచి తీసే పాలు, రబ్బరుకి దూరపు చుట్టం. ఆ పద్ధతితో ఎన్నో స్టూడియోలు బతికాయి. ఆర్చర్ మాత్రం 1857లో పేదవాడిగానే పోయాడు.

ఇక మారిషస్. 1834 నుంచి 1920 దాకా పోర్ట్ లూయీ రేవులో దాదాపు ఐదు లక్షల మంది ఒప్పంద కూలీలు దిగారు. కొందరిని అక్కడి నుంచి వేరే చోట్లకీ పంపారు. మన కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి కూడా ఓడలు వెళ్లాయి, అందుకే అక్కడ తెలుగువాళ్లకు ఆ రేవు పేరే ఇంటిపేరులా అంటుకుంది. ఐదేళ్ల ఒప్పందం అయిపోయినవాళ్లని 'పాత వలసదారులు' అనేవారు. ఒప్పందం తీరింది కదా, ఇక స్వేచ్ఛ అనుకుంటాం. 1867లో వచ్చిన చట్టం వాళ్ల మెడకు కొత్త తాడు వేసింది. ప్రతి పాత వలసదారు దగ్గరా తన ఫొటో అంటించిన టికెట్ ఉండాలి, దాంతో పాటు పోలీసు పాసూ ఉండాలి. లేకపోతే తిరుగుబోతు అని పట్టుకుపోయేవారు. జేబులో కార్డు లేకుండా బయట తిరిగితే ఏమవుతుందో మనకి ఎవరూ వివరించక్కర్లేదు.

ఆ ఫొటోలు చాలా మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. అప్పట్లో ఫొటోలు ఎక్కువగా కొలోడియన్ పలక మీద తీసి, కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీదికి దించేవారు. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. తడి పలక నీలి వెలుగునే బాగా పట్టుకుంటుంది. ఎరుపు, పసుపు, గోధుమరంగు దానికి దాదాపు చీకటితో సమానం. నుదుటి మీద ఎర్రటి కుంకుమ నల్ల చుక్కగా పడుతుంది. చామనఛాయ మనిషి ఉన్నదానికంటే నల్లగా వస్తాడు, చెరకు తోటలో ఎండకి కమిలినవాడైతే ఇంకా నల్లగా కనపడతాడు. కాబట్టి అలాంటి ఫొటో ఎక్కడ చూసినా "అప్పటివాళ్లు ఇలా ఉండేవాళ్లా" అని అనకండి. అది మనిషి రంగు కాదు, మందు గుణం.

ఆ చట్టాన్ని వాళ్లు నోరు మూసుకుని భరించలేదు. 1871లో 9,401 మంది పాత వలసదారులు అర్జీ పెట్టారు. దాన్ని తయారుచేయడంలో వాళ్లకి అండగా నిలిచింది అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట యజమాని. తోటి యజమానులు ఆయన మీద కత్తి కట్టారు. తర్వాత ఇంగ్లండు నుంచి రాయల్ కమిషన్ వచ్చి విచారించింది, 1875లో నివేదిక ఇచ్చింది. కూలీల గోడు అబద్ధం కాదని అందులో తేలింది.

వందేళ్ల తర్వాత ఇదే కథ ఇంకో చోట. ఎడ్విన్ ల్యాండ్ 1947లో నిమిషంలో వచ్చే పోలరాయిడ్ ఫొటోని చూపించాడు. పండగలకి, పిల్లలకి అని ప్రకటనలు. కానీ అదే కంపెనీ గుర్తింపు కార్డుల కెమెరాలు కూడా చేసింది, వాటిలో ఐడీ-2 ఒకటి. దక్షిణాఫ్రికాలో నల్లజాతివాళ్లు పాస్ పుస్తకం లేకుండా కదలడానికి వీల్లేదు, ఆ పుస్తకాల ఫొటోలకి పోలరాయిడ్ పనికొచ్చింది. 1970లో అమెరికాలో ఆ కంపెనీలోనే పనిచేసే కెమిస్టు కరొలైన్ హంటర్, ఫొటోగ్రాఫర్ కెన్ విలియమ్స్ ఆఫీసులో దక్షిణాఫ్రికా గనుల శాఖ పేరుతో ఉన్న ఒక నమూనా కార్డు చూశారు. చూసి ఊరుకోలేదు, తోటి పనివాళ్లని కూడగట్టారు. అక్కడితో వ్యాపారం మానేయమన్నారు, బహిష్కరణకి పిలుపిచ్చారు. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. కంపెనీ ముందు ప్రభుత్వానికి అమ్మడం ఆపామంది. అక్కడి పంపిణీదారు గుట్టుగా అమ్ముతున్నాడని 1977లో బయటపడ్డాక ఆ దేశం నుంచే తప్పుకుంది. ఫ్యాక్టరీలో చేసే వస్తువు ఎవరి మెడకి చుట్టుకుంటుందో అడిగే హక్కు పనివాడికి ఉందని వాళ్లు అనుకున్నారు. మాకు ఆ ఇద్దరంటే గొప్ప గౌరవం.

అదే పోలరాయిడ్ పొరని తర్వాత కళాకారులు వేడినీళ్లలో వేసి ఊడదీయడం మొదలుపెట్టారు. కంపెనీ 2008లో ఫిల్మ్ ఆపేస్తే, కొందరు నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడే ఫ్యాక్టరీని నిలబెట్టి మళ్లీ తయారుచేశారు. ఇప్పుడు దొరికేది ఆ ఫిల్మే.

మేము తీసేది కార్డు ఫొటో కాదు. నీలం బ్యాక్‌గ్రౌండ్ ఉండదు, చెవులు కనపడాలన్న రూలు ఉండదు. మంచం మీద కూర్చున్నట్టో, కూర కలుపుతున్నట్టో ఎవరికి నచ్చినట్టు వాళ్లు. ఫొటో బాగా తేలేదాకా ఆగి, చుట్టూ తెల్ల అంచు కత్తిరించి, వెనక నల్ల అట్ట ఊడదీయాలి. లోపలి మందు చర్మానికి మంచిది కాదు, గ్లౌజులు తప్పనిసరి. వంటగిన్నె వాడకండి, దీనికి వేరే ట్రే పెట్టుకోండి. బొమ్మ ఉన్న పారదర్శకమైన పలకని వేడినీళ్లలో వేయాలి, మరిగే నీళ్లు వద్దు. వెనక ఉన్న తెల్లటి మడ్డి కరిగిపోతుంది. మెత్తటి బ్రష్షుతో అంచుల్ని నెమ్మదిగా తోస్తే పొర లేచి తేలుతుంది. దాన్ని చల్లటి నీళ్లలోకి మార్చి, కిందకి మందపాటి డ్రాయింగ్ కాగితం జరిపి, కాగితంతో సహా పైకెత్తాలి. ముడతలు పడతాయి, పడనివ్వండి, అందం అక్కడే ఉంది. సర్దాలనిపిస్తే తడిగా ఉండగానే బ్రష్షుతో సర్దాలి. ముఖం దగ్గర మొదలుపెట్టొద్దు, చిరిగేది అక్కడే. అంచు నుంచి లోపలికి రండి.