హలో, ఎక్కడున్నావ్?

ఫోనెత్తగానే మనం అడిగే మొదటి ప్రశ్న మారిపోయింది, గమనించారా? ఇంటి ఫోన్ల రోజుల్లో “ఎవరండీ మాట్లాడేది?” అనేవాళ్ళం. హాల్లో బల్లమీద, కింద లేసు గుడ్డ పరుచుకుని, ఫోను కదలకుండా కూర్చునేది. నంబరు ఇంటిది, మనిషిది కాదు. కాబట్టి ఎక్కడ అన్న అనుమానమే లేదు, ఎవరన్నదే అనుమానం.

1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో సెల్‌ఫోన్లో మాట్లాడారు. మన దేశంలో అదే మొదటి సెల్ కాల్. వచ్చిన కాలుకి కూడా డబ్బు కట్టుకున్న ఆ రోజులు దాటి, సెల్లు మన చేతుల్లోకి వచ్చేసరికి ప్రశ్న తిరగబడింది. పేరు తెరమీదే కనబడుతోంది, ఇక అడగవలసింది “ఎక్కడున్నావ్?” అనే. ఇప్పుడు అదీ అడగక్కర్లేదు. మనం చెప్పకపోయినా ఫోనే చెప్పేస్తోంది!

ఈ చాడీల విద్య కొంత దానికి పుట్టుకతోనే వచ్చింది. మనకు కాల్ వస్తే ఏ టవరుకి అందించాలో కంపెనీకి తెలియాలి కదా. అందుకని హ్యాండ్‌బ్యాగులో ఊరికే పడివున్నా, ఫోను టవర్లకు హాజరు వేయించుకుంటూనే ఉంటుంది. మాల్టే స్పిట్జ్ అనే జర్మన్ రాజకీయ నాయకుడు దావా వేసి మరీ తన ఆరునెలల హాజరుపట్టీ కంపెనీ నుంచి రాబట్టాడు. 35 వేలకు పైగా నమోదులు! 2011లో ఒక పత్రిక వాటిని పటం మీద పరిస్తే, ఆయన ఏ ఊరినుంచి ఏ ఊరికి వెళ్ళాడో, ఏ రాత్రి ఎక్కడున్నాడో కళ్ళకు కట్టింది.

జి.పి.ఎస్. కథ వేరు. అది అమెరికా సైన్యం కోసం పుట్టింది. మొదటి ఉపగ్రహం 1978లో ఎగిరింది. 1983 సెప్టెంబరు 1న ఒక కొరియా విమానం దారితప్పి సోవియట్ గగనంలోకి వెళితే కూల్చేశారు. 269 మంది పోయారు. దారి తెలియక ఇంత ఘోరమా అని లోకం విలవిల్లాడింది. పూర్తయ్యాక ఈ ఏర్పాటు అందరికీ ఉచితమని ఆ నెలలోనే అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. ఇచ్చారు గానీ, మామూలు జనానికి కావాలనే మసకగా ఇచ్చారు. 2000 మే నెలలో ఆ మసకా తీసేశారు. అంతవరకూ వీధి తెలిసేది, ఆపైన గడప తెలిసింది.

పైనుంచి ఉపగ్రహం మనల్ని చూస్తోందని చాలామంది భయం. అది చూడదు, వినదు. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తునుంచి టైము చెప్పుకుంటూ పోతుంది, అంతే. నాలుగు ఉపగ్రహాల మాటలు విని లెక్కకట్టేది మన ఫోను. ఆ లెక్కను ఊరికి చేరవేసేవి మనం “సరే” అని నొక్కి లోపలికి రానిచ్చిన యాప్‌లు. ఇంటిదొంగలన్నమాట.

నాకు తెలిసిన ఒకావిడ కాలేజీలో పాఠాలు చెబుతారు. ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ ఆవిడ ఫోనులో లొకేషన్ పెట్టించారు. ఓ సాయంత్రం దారిలో పార్కు బెంచీమీద పావుగంట కూర్చుందో లేదో, “అక్కడేం చేస్తున్నావ్?” అని ఫోను. ఏమీ చెయ్యడంలేదు. రోజంతా చేసిన చాకిరీ తర్వాత, ఏమీ చెయ్యకపోవడమే ఆవిడ చేస్తున్న పని. అది ఎవరికని, ఎలా చెబుతుంది?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకకంఠంతో తేల్చారు. 2024 జూలైలో అదే కోర్టు, బెయిలుమీదున్న ముద్దాయి తన గూగుల్ పటం పిన్ను అధికారులకు చూపిస్తూ ఉండాలన్న షరతు చెల్లదంది. మన ఇళ్ళకి ఆ తీర్పు ఇంకా చేరినట్టు లేదు!

అలాగని లొకేషన్ పంపడమే తప్పనను. అర్ధరాత్రి ఆటోలో వస్తున్న కూతురు పంపితే తల్లికి ప్రాణం లేచొస్తుంది. వాట్సాప్‌లో దానికి పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని గడువుంది. గడువు చాలు. గూగుల్ మ్యాప్స్‌లో మాత్రం “ఆపేదాకా” అన్న మాట ఒకటుంది, అది ఎవరి పేరుమీద ఉందో ఓసారి చూసుకోండి. టార్చిలైటు యాప్‌కి మన ఊరితో పనేమిటి, సెట్టింగ్స్‌లో తీసెయ్యండి. కెమెరాకీ అంతే. ఫోటోల్లో కూడా చోటు దాక్కుని ఉంటుంది సుమా. టవరు హాజరు మాత్రం వీటివేటితోనూ ఆగదు. దానికి ఫోను ఆపెయ్యడమో, ఇంట్లో వదిలి వెళ్ళడమో.