బంగారు పాముకీ, మా నాయన బీడీకీ మధ్య ఓ తాళం

మాది గంగవరం. పలమనేరు పక్కనుండే గంగవరం. వైజాగ్ పోర్టు గంగవరం కాదని బెంగుళూరులో ప్రతి కొత్త టీమ్‌కీ మళ్ళీ చెప్పుకోవాల్సి వస్తోంది, అందుకే ఇక్కడా ముందే చెప్పేస్తున్నా.

మొన్న ఊరెళ్ళినప్పుడు రాత్రి టమోటా తోటకి నీళ్ళు కట్టడానికి నాయన బయల్దేరాడు. అవ్వ ఎప్పటిలాగే గుమ్మం దగ్గర్నుంచి కేకేసింది, "ఒరే, లైటు ఎత్తుకోని పో, కట్లపాముంటాది" అని. ఆయన లైటు తీసుకున్నాడు, బీడీ కట్ట కూడా తీసుకున్నాడు. పాము సంగతేమో గానీ ఆ కట్టే నాకు ఎక్కువ భయం. ముప్పై ఏళ్ళుగా తాగుతున్నాడు, పొద్దున దగ్గు వింటే మనకి నిద్ర పట్టదు. సరే, మన జనం చేసే పనే నేనూ చేశా. ల్యాప్‌టాప్ తెరిచి చదవడం మొదలెట్టా. అలా చదువుతుంటే పామూ, బీడీ రెండూ ఒకే చోట తేలాయి.

1781లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు వైజాగ్ వచ్చాడు, ఈస్టిండియా కంపెనీలో పెద్ద ఉద్యోగం వచ్చిన తమ్ముడితో పాటు. 1785లో కంపెనీ ఈయన్ని ప్రకృతి శాస్త్రవేత్తగా వేసుకుంది. పాములు పట్టించి తెప్పించుకునేవాడు, ఊళ్ళో వాళ్ళు వాటిని ఏమంటారో అడిగి అదే పేరు రాసుకునేవాడు. 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద వేసిన పుస్తకంలో, నలుపూ పసుపూ పట్టీలున్న ఒక పాముకి ఆయన రాసిన పేరు 'బంగారు పాము'. ఇంగ్లీషు అక్షరాల్లో కాస్త వంకర పోయిందనుకోండి. 1803లో ఫ్రాన్సులో దోదాఁ అనే ఆయన ఆ మాటనే తీసుకుని కట్లపాముల ప్రజాతి మొత్తానికీ 'బంగారస్' అని పేరు పెట్టేశాడు. మా వైపు తిరిగే మామూలు కట్లపాముకి బంగారు రంగు లేకపోయినా ఇంటిపేరు అదే!

ఇక పొగాకు వైపు. 1828లో హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమన్ పొగాకులోంచి నికోటిన్‌ని వేరు చేశారు. 1905లో కేంబ్రిడ్జిలో లాంగ్లీ ఒక ప్రయోగం చేశాడు. కోడి కండరానికి నరం తెగిపోయినా సరే, నికోటిన్ తగిలితే కండరం బిగుసుకుంది. క్యూరారే అనే విషం పెడితే ఆ పని ఆగింది. అంటే ఈ రెండూ పని చేస్తున్నది నరం మీద కాదు, కండరంలోనే ఉన్న ఏదో పదార్థం మీద. 'రిసెప్టర్' అనే ఆలోచన పుట్టిన చోట్లలో ఇదొకటి. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ ఉందని తెలిసింది, లోపలి కోడ్ మాత్రం ఎవరూ చూడలేదు. మామూలుగా ఆ పోర్టుని పిలిచేది శరీరంలోని ఎసిటైల్‌కోలిన్. నికోటిన్ దొంగ క్లయింటు, అదే కాల్ చేసి తలుపు తెరిపిస్తుంది. దీన్నే అగోనిస్ట్ అంటారు.

ఆ కోడ్ చూడ్డానికి అరవై ఏళ్ళు పట్టింది. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే ఇద్దరు అక్కడి కట్లపాము విషంలోంచి ఒక పదార్థం తీశారు. పేరు ఆల్ఫా బంగారోటాక్సిన్. అవును, మన బంగారమే! ఇది పోర్టుని పట్టుకుని కూర్చుంటుంది, రెస్పాన్స్ ఇవ్వదు, వదలదు. అంత గట్టిగా పట్టుకుంటుంది కాబట్టే 1970లో షాంజూ బృందం ఈ విషాన్ని గేలంగా వాడి కరెంటు చేప నుంచి రిసెప్టర్‌ని పట్టుకుంది. 1973లో ఇదే విషంతో లెక్కపెట్టి, మయస్థీనియా గ్రావిస్ రోగుల కండరాల్లో ఈ రిసెప్టర్లు తక్కువగా ఉన్నాయని చూపించారు. రెప్పలు వాలిపోయే ఆ జబ్బుకి అసలు కారణం అలా దొరికింది.

మెదడులో కూడా ఇవే రకం తాళాలు ఉన్నాయి గానీ నమూనాలు వేరు. ఆల్ఫా-7 అనేదాన్ని బంగారోటాక్సిన్ పట్టుకుంటుంది. దాన్ని తెరిచే మందులతో మతిమరుపు, స్కిజోఫ్రేనియా తగ్గిద్దామని కంపెనీలు చాలా ఆశపడ్డాయి, పెద్ద ట్రయల్స్‌లో నిలబడలేదు. బీడీ అలవాటు పట్టించేది రెండోది, ఆల్ఫా-4 బీటా-2. దీని దగ్గర మాత్రం కథ నడిచింది. సైటిసిన్ అనే మొక్క మందుని బల్గేరియా వాళ్ళు 1964 నుంచే పొగ మాన్పించడానికి అమ్ముతున్నారు. మిగతా ప్రపంచం పట్టించుకోలేదు (చవక మందంటే ఎవరికి ఆసక్తి?). 2011లో వార్సాలో 740 మంది మీద చేసిన ట్రయల్‌లో, ఏడాది పాటు పొగ మానినవాళ్ళు సైటిసిన్‌తో 8.4 శాతం, ఉత్తుత్తి మాత్రతో 2.4 శాతం. తక్కువే అనిపిస్తుంది గానీ మూడు రెట్లకి పైనే. ఆ అణువునే నమూనాగా తీసుకుని ఫైజర్ చేసిన వరెనిక్లిన్‌కి 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది తలుపుని సగమే తెరుస్తుంది. ఆరాటం తగ్గుతుంది, పైగా బీడీ తాగినా నికోటిన్‌కి కూర్చునే చోటుండదు. మనసు చెడగొడుతుందని 2009లో పెట్టిన పెద్ద హెచ్చరికని, ఎనిమిది వేల మంది మీద చేసిన ట్రయల్ చూశాక 2016లో తీసేశారు.

ఇదంతా పొద్దున నాయనకి చెప్పా. పాము పేరు దగ్గర మాత్రం బాగా ఆసక్తిగా విన్నాడు.

"అయితే పాము విషం మింగమంటావా?"

"కాదు నాయనా, అది వేరే, ఇది మాత్ర. పన్నెండు వారాలు. డాక్టర్ని అడిగే వేసుకుందాం."

"ఎంతవుతాది?"

చెప్పా. బీడీ కట్టలతో లెక్క కట్టుకుని కాసేపు మాట్లాడలేదు. వచ్చే శనివారం మదనపల్లెలో డాక్టరు దగ్గరికి వస్తానన్నాడు, టమోటాలు మార్కెట్‌కి వేసే రోజు కాకపోతేనే.