ఆటబీరువా వెనుక తలుపు



నాణెము వేసి యాడు విద్యుత్క్రీడా యంత్రముల చరిత్రను వ్రాయువారు సామాన్యముగా ఆటలను గూర్చియు, వానిని కల్పించినవారిని గూర్చియు వ్రాయుదురు. నేనీ ప్రసంగములో ఆ బీరువా వెనుక తలుపు తీసి, అడుగు చెక్కమీద బిగించియుండు బరువైన సామగ్రిని గూర్చి చెప్పదలచితిని. యంత్రమును నడపునదియు, తెలియక చేయిపెట్టినవాని ప్రాణము తీయగలదియు అదియే.

కథ అమెరికాలో ప్రారంభమగును. 1971లో ‘కంప్యూటర్ స్పేస్’ అను ఆటయు, మరుసటి యేట ‘పాంగ్’ అను ఆటయు వెలువడినవి. రెండవదానిని అటారీ సంస్థలో అల్ అల్కార్న్ అను ఇంజనీరు నిర్మించెను. తెరకొరకు ఆయన క్రొత్తగా నేమియు చేయింపలేదు; అంగడిలో దొరకు హిటాచీ టెలివిజను నొకదానిని కొని చెక్కపెట్టెలో నమర్చెను. కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణమున ‘ఆండీ క్యాప్స్’ అను పానశాలలో దానిని పరీక్షకు నిలిపిరి. కొలది దినములకే యది యాగిపోయినదని కబురు వచ్చెను. పోయి చూడగా, లోపల నాణెములు నిండి పొర్లుచున్నవట! చరిత్రకారులు ఈ ముచ్చటను విడువరు. నాకు ముఖ్యమైనది ఆ టెలివిజను.

ఏలయనగా, ఆ కాలపు టెలివిజనులు పెక్కింటిలో లోపలి లోహపు చట్రము ఇంటి విద్యుత్తుతో నేరుగా కలిసియుండెడిది. ఇంటిలోనైన పెట్టె కప్పియుండును గనుక ఎవరికిని చేయి తగలదు. ఆటబీరువాలోనో, తెరకు సమీపముననే నాణెములు వేయు లోహపు తలుపుండును. కావున నిర్మాతలు నడుమ నొక ట్రాన్స్‌ఫార్మరు నుంచుట వాడుకయయ్యెను. ఎన్ని వోల్టులు లోనికి పోవునో అన్నియే బయటికి వచ్చును. చూచువారికి నిష్ప్రయోజనముగా దోచును. దాని పని వేరుచేయుట మాత్రమే: వీధి తీగకును తెరకును సూటియైన లంకె లేకుండ జేయుట.

ఇక ఆటను నడపు చిప్పులకు 5 వోల్టులు కావలెను, 4.75కు తగ్గినను, 5.25కు మించినను సరిపడదు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను తగ్గించును. రెక్టిఫయరు ప్రవాహమును ఏకముఖము చేయును. కెపాసిటరు ఒడుదుడుకులను చదును చేయును. రెగ్యులేటరు 5 వద్ద నిలుపును. అటారీవారి కెపాసిటరు పెద్ద నీలిరంగు డబ్బావలె నుండుటచే మరమ్మతుదారులు దానికి ‘బిగ్ బ్లూ’ అని పేరు పెట్టిరి. ఏండ్లు గడచిన కొలది అది లోపల నెండిపోవును. అప్పుడు ధ్వనిలో గుయ్యిమను మ్రోత పుట్టును, ఆట నడుమ నాగి మరల మొదటికి వచ్చును. 1980 నాటి ‘పాక్‌మాన్’ తంటా వేరు. అమెరికాలో మిడ్‌వేవారు చేసిన యంత్రములో 7 వోల్టుల ఏసీ సర్క్యూటు పలకకే పోయి, అచ్చటనే 5గా మారెడిది. తక్కువ వోల్టులలో హెచ్చు ప్రవాహము గనుక, పలక యంచున కలియుచోటు కొంచెము మాసినను వేడెక్కి నల్లగా కాలెడిది.

అందుచే ఇప్పటివారు పాత సామగ్రిని తీసి, స్విచింగ్ సప్లై అను చిన్న పెట్టెను బిగింతురు. తేలిక, చవుక, నాకు దానియందు ద్వేషము లేదు. కాని ఘోరమైన పొరపాటు ఇచ్చటనే జరుగును. పాత ట్రాన్స్‌ఫార్మరు చిప్పులకే గాక, తెరకు వేరుచేసిన విద్యుత్తునుగూడ నిచ్చుచుండవచ్చును. 5 వోల్టులు వేరొకచోటినుండి వచ్చుచున్నవి గదా యని దానిని పారవేసి, తెరను గోడ విద్యుత్తునకు నేరుగా కలిపినచో, ఆట చక్కగ నాడును. తప్పు కంటికి గనబడదు. తెర చట్రము మాత్రము ప్రాణాంతకమగును.

మన దేశమునకు తెచ్చుకొన్నవారికి మరి రెండు చిక్కులు. అమెరికాలో 120 వోల్టులు, 60 సైకిళ్లు. మనకు 230, 50. వోల్టులను తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు సైకిళ్లను మార్చలేదు. 60కే కట్టినది 50లో ఎక్కువ వేడెక్కును. రెండవది తీగల రంగు. అమెరికాలో నల్లతీగయే విద్యుత్తు వచ్చు తీగ, తెల్లది న్యూట్రలు. మన పాత యిండ్లలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు. ఆ బీరువాలో ఫ్యూజు నల్లతీగ దారిలోనుండును గనుక, మన యలవాటున దానిని న్యూట్రలునకు కలిపినచో, ఫ్యూజు తెగి యంత్రమాగినను లోపల విద్యుత్తు నిలిచియే యుండును.

పని మొదలిడుటకు ముందు గోడనుండి ప్లగ్గు ఊడదీయవలెను. స్విచ్చి ఆపుట చాలదు. తలుపు తీయగానే విద్యుత్తు నాపు మీట కొన్ని బీరువాలలో కలదు గాని, దానిని టేపుతో నణచి విడిచిన మరమ్మతుదారులును కలరు. చిత్రనాళములో ప్లగ్గు తీసిన తరువాతను వేలకొలది వోల్టులు నిలిచియుండవచ్చును. తెలిసినవాడు తప్ప దానిజోలికి పోరాదు. స్విచింగ్ పెట్టె మూత తెరువరాదు. ప్లగ్గునకు మూడవ కొమ్మ విరిగియున్నచో క్రొత్తది వేసి, ఎర్తు తీగను నాణెముల తలుపు వరకును తీసికొనిపోవలెను. ఫ్యూజు విషయము మీకు నేను చెప్పనక్కరలేదు. పొలములో మాటిమాటికి పోవుచున్నదని లావు రాగితీగ చుట్టి మోటారును కాల్చుకొన్నవారిని మీరెరుగుదురు. తుదకు పలకను విప్పియుంచి వోల్టులు కొలిచి, సరియైనచో కలిపి, పలక యంచున మరల కొలువవలెను.

తీసిన పాత భాగములకు చీటి కట్టి బీరువా అడుగుననే యుంచుట నాకు నచ్చిన పద్ధతి. ఇరువది యేండ్లకు మరల నా తలుపు తెరచువానికి, ఏ తీగ యెచ్చటినుండి యెచ్చటికి మారినదో ఆ చీటియే చెప్పవలెను.