నిరీక్షణ

సంస్కృతంలో ‘ఈక్ష్’ ధాతువుకు చూడటం అని అర్థం. దానికి ‘నిర్’ చేరితే నిరీక్షణ, అంటే తేరిపార చూడటం. తెలుగులో అది ఎదురుచూపు అయింది. మనసైనవాళ్లు వచ్చే దారినే చూస్తూ ఉంటాం గనక ఈ మార్పు నాకెంతో సహజంగా తోస్తుంది.

కూచిపూడి నాట్యంలో ఈ మాటకు నిలువెత్తు రూపం సత్యభామ. సిద్ధేంద్రయోగి రచనగా చెప్పే భామాకలాపంలో ఆమె కృష్ణుడితో కలహించి, ఎడబాటు ఓర్వలేక మాధవి చేత లేఖ పంపుతుంది. ఎదురుచూస్తూ ఎడబాటుకు తపించే నాయికను లాక్షణికులు విరహోత్కంఠిత అన్నారు. పరమాత్మ కోసం జీవాత్మ పడే తపనగా పెద్దలు దీన్ని వివరిస్తారు. ఆ తపనలో అలక ఉంది, అభిమానం ఉంది, జడ చూపి సవాలు చేసే గర్వమూ ఉంది. దేవుడితో పోట్లాడగల ఆ చనువే నాకు అన్నిటికన్నా ఇష్టం. కూచిపూడి ఊరి పక్కనే ఉన్న మొవ్వ పేరుతో ముడిపడిన క్షేత్రయ్య పదాల్లోనూ అదే చనువు.

ఈ ఊళ్లున్న కృష్ణా డెల్టాలోనే, చర్చిలో ఈ మాటకు అర్థం వేరు. తెలుగు బైబిలులో కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అని మూడింటిని చెప్పి, ప్రేమకే పెద్దపీట వేస్తుంది. అక్కడ నిరీక్షణ అంటే ఆశ, ఇచ్చిన మాట మీద ఆనుకున్న నమ్మకం. క్రైస్తవంలోనూ ప్రభువు వరుడే. వధువు మాత్రం ముఖ్యంగా విశ్వాసుల సంఘం. సత్యభామ కలిసి విడిపోయినవాడి కోసం చూస్తుంది. సంఘం తనకోసం సిలువపై ప్రాణం పెట్టి, మళ్లీ వస్తానన్నవాడి కోసం చూస్తుంది. భామాకలాపంలో ప్రేమకు గుర్తు విరహం, క్రైస్తవంలో త్యాగం.

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పిల్లలకు నిరీక్షణ అని పేరు కూడా పెట్టుకుంటారు.