శర్మ, రాకేశ్

యుద్ధ విమాన చోదకుడు, టెస్ట్ పైలట్, అంతరిక్షానికి వెళ్లిన తొలి భారతీయుడు. 1949 జనవరి 13న పటియాలాలో పుట్టినా పెరిగింది, చదివింది హైదరాబాదులోనే: సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు, ఆపై నిజాం కళాశాల. 1966లో నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరి, 1970లో వాయుసేన పైలట్ అయ్యారు. మరుసటి ఏడాదే బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. ఇరవై రెండేళ్ల వయసులో మిగ్-21 మీద 21 సార్లు యుద్ధానికి ఎగిరారు.

1984 ఏప్రిల్ 3న బైకనూరు నుంచి సోయుజ్ టి-11 నౌకలో రష్యన్ వ్యోమగాములు మాలిషెవ్, స్ట్రెకలోవ్‌లతో కలిసి బయల్దేరి సల్యూట్-7 అంతరిక్ష కేంద్రానికి చేరారు. అక్కడ భారత భూభాగాన్ని ఫొటోలు తీశారు. భారరహిత స్థితిలో శరీరానికి యోగా ఎంత పనికొస్తుందో ఆసనాలు వేసి పరీక్షించారు. ఏడు రోజుల 21 గంటలకు పైగా సాగిందీ యాత్ర. అశోకచక్ర, 'సోవియట్ యూనియన్ హీరో' బిరుదు దీనికే దక్కాయి, యుద్ధానికి కాదు. తోటి రష్యన్లిద్దరికీ అశోకచక్ర ఇచ్చారు.

జనం అక్కడితో ఆయన కథ అయిపోయిందనుకుంటారు. నిజానికి పైలట్‌గా ఆయన అసలు పని ఆ తర్వాతా సాగింది. 1987లో వింగ్ కమాండర్‌గా వాయుసేన వదిలి, హిందుస్థాన్ ఏరోనాటిక్స్ నాసిక్ విభాగంలో చీఫ్ టెస్ట్ పైలట్‌గా చేరారు. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన విమానాన్ని దళానికి అప్పగించేముందు ఎగరేసి, లోపముంటే గాల్లోనే పట్టుకోవాలి, పేపర్లకెక్కని పని. ఒకసారి ఓఝర్ దగ్గర మిగ్ కూలుతుంటే సీటుతో సహా బయటికి దూకి బతికారు. 1992లో బెంగళూరుకు మారారు.